అమ్మా, ఇది పావ్ భాజీ

రెండో తరగతిలో ఉండగా మా అమ్మాయికి ఒక అలవాటుండేది. స్కూలు వాళ్ళు నెల నెలా పంపే లంచ్ మెనూ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, తను తినగలిగిన వాటి చుట్టూ ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో సున్నాలు చుట్టేది. చీజ్ పిజ్జాకి ఒక సున్నా, మాకరోనీకి ఒక సున్నా. నెలలో ఒకటి రెండుసార్లు ‘స్లాపీ జో’ అని వచ్చేది. దానికి సున్నా ఉండేది కాదు. పక్కన చిన్న ప్రశ్నార్థకం గీసేది. ఆ ప్రశ్న నన్నే అడుగుతోందని తెలుసుకోవడానికి నాకు చాలా నెలలే పట్టింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. గొడ్డుమాంసం ఖీమాని ఉల్లిపాయ, కాప్సికం ముక్కలతో వేయించి, టమాటా కెచప్, ఆవపిండి ముద్ద, బ్రౌన్ షుగర్, వూస్టర్ సాస్ వేసి దగ్గరపడే దాకా ఉడికించి, మెత్తటి బన్ను మధ్యలో గరిటెడు పోసి ఇస్తారు. అదే స్లాపీ జో. తియ్యగా, పుల్లగా, కొంచెం ఘాటుగా ఉంటుంది. కొరికితే సగం నోట్లోకి, సగం చొక్కా మీదికి. పేరులో ‘స్లాపీ’ అందుకే వచ్చిందంటారు. అమెరికాలో పెరిగినవాళ్ళకి ఇది మన ముద్దపప్పు, ఆవకాయ లాంటిది. చుట్టాలొస్తే వండి పెట్టేది కాదు. బయట మంచు పడుతున్న సాయంత్రం, ఒంట్లో ఓపిక లేనప్పుడు గుర్తొచ్చేది.

నేనూ మా అమ్మాయీ పుట్టు శాకాహారులం. మా ఆయన ఇంట్లో శాకాహారి, బయట స్వతంత్రుడు. ఉండేదేమో అయోవా రాష్ట్రం, డి మోయిన్ దగ్గర. ఇక్కడ మనుషులు 32 లక్షలైతే పందులు 2 కోట్ల పైమాటే. ఇంటి నుంచి ఏ దిక్కుకి అరగంట కారు నడిపినా మొక్కజొన్న, కాకపోతే సోయా. అంత సోయా కళ్ళెదుట పండుతుంటే, అందులో ఎక్కువ భాగం పశువుల దాణాకే పోతుంది. ఇలాంటి చోట శాకాహారిగా బతకడమంటే చెరువు మధ్యలో నిలబడి దాహమని అరిచినట్టే.

సరే, ఒక శనివారం చేశాను. మైసూరు పప్పు మెత్తగా ఉడికించి, అల్లం వెల్లుల్లి, టమాటా, గరం మసాలా వేసి, వెన్నలో వేయించిన బన్ను మధ్యలో పెట్టి, పైన కొత్తిమీర చల్లి, నిమ్మకాయ పిండి మరీ ఇచ్చాను. అమ్మాయి బుద్ధిగా మొత్తం తినేసి, చేతులు కడుక్కుని వచ్చి, జాలిగా నా వైపు చూసింది.

“అమ్మా, ఇది పావ్ భాజీ.”

వాదించడానికేం లేదు. పావ్ భాజీయే అది. మంచి పావ్ భాజీ కూడా. కానీ తను అడిగింది అది కాదు.

పరాయి వంటని శాకాహారంలోకి తెచ్చుకునేటప్పుడు మనవాళ్ళం తొక్కే తప్పుదారులు రెండని నాకు ఇప్పుడు గట్టి నమ్మకం. మొదటిది నేను తొక్కిందే. భయపడి మసాలా డబ్బా తీస్తాం. మాంసం తీసేస్తే వంట చప్పగా అయిపోతుందేమోనని ధనియాలపొడి గుమ్మరిస్తాం. దాంతో పాస్తా అయినా, టాకో అయినా, స్లాపీ జో అయినా చివరికి ఒకే కూరగా తేల్తాయి. తలా ఒక వంట తెచ్చే ఇక్కడి మన పాట్‌లక్ భోజనాల్లో నేను తిన్న లసానియాల్లో సగం కళ్ళు మూసుకుని తింటే వెజిటబుల్ కుర్మాలే. రుచి చెడిందని కాదు నా గొడవ. ఎదుటివాళ్ళ వంట ఏం చెప్తోందో వినకుండానే మన మాట మాట్లాడేశామే, అదీ గొడవ.

రెండో దారి దీనికి నేరుగా ఎదురు. మాంసాన్ని అచ్చు గుద్దినట్టు దించే నకలు మాంసం కొనుక్కురావడం. అదీ చేశాను. ఆ ఎండాకాలం మా అమ్మ ఇక్కడే ఉంది. ప్యాకెట్ విప్పి మూకుట్లో వేసిన రెండు నిమిషాలకి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంటింటి గుమ్మంలో ప్రత్యక్షమైంది.

“ఏవిటే ఈ నీచు వాసన?”

ప్యాకెట్ వెనక రాసింది చదివి వినిపించాను. సోయా, కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె. అంతా మొక్కలే అన్నాను.

“మొక్కలే అయినప్పుడు నీచు వాసన తెచ్చిపెట్టుకోవడం ఎందుకే?”

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అయితే ఆ మాట తయారుచేసినవాళ్ళు వింటే పొంగిపోతారు. ఎందుకంటే వాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడింది సరిగ్గా ఆ వాసన కోసమే. స్టాన్‌ఫర్డ్ జీవరసాయన శాస్త్రవేత్త పాట్ బ్రౌన్ 2011లో ఇంపాజిబుల్ ఫుడ్స్ పెట్టినప్పుడు పట్టుకున్న కీలకం హీమ్. రక్తానికి ఆ ఎరుపునీ, మాంసానికి ఆ రుచినీ ఇచ్చే పదార్థం. సోయా మొక్క వేళ్ళ బుడిపెల్లో కూడా హీమ్ ఉన్న ప్రోటీన్ ఒకటుంటుంది. దాని జన్యువుని ఈస్ట్‌లో పెట్టి పులియబెట్టి తీస్తారు. 2016లో న్యూయార్క్‌లో ఒక రెస్టారెంటులో మొదటిసారి వడ్డించారు. 2019కల్లా బర్గర్ కింగ్ దాకా వచ్చేసింది. మా ఆయన లొట్టలేసుకుంటూ తింటాడు. గొడ్డుమాంసం మానేద్దామనుకుంటూ మానలేని మా ఆఫీసు స్నేహితురాలికి అదొక ఊతకర్ర. వాళ్ళకి పనికొస్తుంది, నేను కాదనను.

కానీ మానేసినవాళ్ళ నాలుక వేరు, ఎప్పుడూ తిననివాళ్ళ నాలుక వేరు. మానేసిన మనిషికి ఆ వాసన ఒక జ్ఞాపకం. మా అమ్మకి అది రైలు ప్రయాణంలో ఎదుటి సీటువాళ్ళు విప్పిన క్యారేజీ. ‘మాంసం లేని’ అనే ఒక్క ముక్క మాట కింద ఈ ఇద్దరినీ తోసేస్తున్నారు, అదీ నాకు మింగుడుపడనిది. లేని దాన్ని గుర్తుచేసే వంట ఒకరికి ఓదార్పు, ఇంకొకరికి వెలపరం.

నాకైతే ఇందులో ఇంకో పాత లెక్క కూడా ఉంది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం అందరికీ చికెన్, మా శాకాహారుల బల్లకి మీల్ మేకర్ కూర. అదే మసాలా, అదే గ్రేవీ, అదే ఎర్రటి నూనె. ముక్క మాత్రం స్పాంజి. నాలుగేళ్ళు తిన్నాను. కూర బాగాలేక కాదు గానీ, ఆ గిన్నె చూస్తే పెద్దవాళ్ళ పెళ్ళిలో పిల్లలకిచ్చే ఉత్తుత్తి బాసికంలా అనిపించేది. అదే వంటాయన మంగళవారం గుత్తి వంకాయ చేసేవాడు. చికెన్ తినేవాళ్ళు కూడా గరిటె కోసం కొట్టుకునేవాళ్ళు. గుత్తి వంకాయ దేనికీ నకలు కాదు కనక. గోదావరి జిల్లాల పెళ్ళిళ్ళలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర కూడా అంతే, ఏనాడూ మాంసంలా ఉన్నానని చెప్పుకోలేదు. ఇక్కడేమో లేత పనసకాయని డబ్బాల్లో పెట్టి, పీచులు తీసిన పందిమాంసానికి బదులుగా వాడుకోమని అమ్ముతారు. పనసకి ఎంత అవమానం!

మరి స్లాపీ జోలోంచి మాంసం తీసేస్తే మిగిలేదేమిటి? ఇది తేల్చుకోవడానికి దాని పుట్టుక వైపు కాస్త చూశాను. పుట్టిల్లు మా రాష్ట్రమేనంటారు. అయోవాలో ‘లూజ్ మీట్’ అని ఒక శాండ్‌విచ్ ఉంది. ఉడికించి పొడిపొడిగా చేసిన ఖీమా, బన్ను, ఉల్లిపాయ, ఊరగాయ ముక్కలు, అంతే. సాసు ఉండదు. 1926లో మస్కటీన్ ఊళ్ళో ఫ్రెడ్ ఏంజెల్ అనే మాంసం కొట్టు ఆయన మొదలుపెట్టిన మెయిడ్-రైట్ దుకాణాలు ఇప్పటికీ దాన్ని అమ్ముతున్నాయి. మా ఊరికి పడమరగా మూడు గంటల దూరంలో ఉన్న సూ సిటీలో, జో అనే వంటవాడు 1930లో అందులో టమాటా సాస్ కలిపాడని చెప్పుకుంటారు. అది కథే. హవానాలో ఒకటి, ఫ్లోరిడాలో కీ వెస్ట్‌లో ఒకటి ‘స్లాపీ జోస్’ అనే బార్లున్నాయి. వాటివాళ్ళూ ఆ జో మా జోయే అంటారు. మన పూతరేకుల్లాంటి గట్టి ఊరి చిరునామా దీనికి లేదు.

నాకు ఆసక్తి కలిగించింది జో ఎవరన్నది కాదు, కాలం. 1930 అంటే ఆర్థికమాంద్యం. ఉన్న కాస్త ఖీమాని పదిమందికి సరిపెట్టడానికి సాసు పోసి పెంచిన వంట ఇది. యుద్ధం వచ్చి 1943 మార్చిలో మాంసం రేషన్ కిందికి వెళ్ళాక, ఖీమాలో ఓట్స్, రొట్టెపొడి కలిపి లాక్కొచ్చారు ఇల్లాళ్ళు. అసలు అంతకుముందు యుద్ధంలోనే, 1917లో, ఆహార పాలనా విభాగానికి అధిపతిగా ‘మాంసం లేని మంగళవారం’ పాటించమని దేశమంతటికీ చెప్పిన పెద్దమనిషి హెర్బర్ట్ హూవర్. ఆయన పుట్టిందీ అయోవాలోనే, వెస్ట్ బ్రాంచ్‌లో. పందుల రాజ్యంలో పుట్టి మంగళవారం మాంసం వద్దన్నాడంటే మా అమ్మకి ఆయన మీద ఎంత గౌరవం పెరిగిందో!

1969లో హంట్స్ కంపెనీ ‘మ్యాన్‌విచ్’ పేరుతో స్లాపీ జో సాస్‌ని డబ్బాలో పెట్టి అమ్మింది. పేరులో మగాడున్నాడు గానీ డబ్బాలో మాంసం లేదు. మాంసం మీరే వేసుకోవాలి. అంటే కంపెనీవాడికి కూడా ఈ వంట ప్రాణం ఎక్కడుందో తెలుసన్నమాట. ఇంకా నన్ను పట్టి కుదిపింది మరొకటి. 1971లో అమెరికా వ్యవసాయ శాఖ, స్కూలు భోజనాల్లో మాంసానికి బదులుగా 30 శాతం దాకా సోయా ముక్కలు కలపొచ్చని అనుమతించింది. సోయా ముక్కలంటే ఇంకేం? మీల్ మేకర్! మా అమ్మాయి ప్రశ్నార్థకం పెట్టిన ఆ అచ్చమైన అమెరికా స్కూలు స్లాపీ జోలో, మా హాస్టల్ ఆదివారం కూర ఎప్పుడో దూరిపోయి కూర్చుంది.

అందుకే “మాంసం లేకపోతే అది స్లాపీ జో ఎలా అవుతుంది?” అన్నవాళ్ళకి నా జవాబు సులువు. పుట్టినప్పట్నుంచీ మాంసాన్ని తగ్గించుకుంటూ వచ్చిన వంట ఇది. నేను ఆఖరి మెట్టు దిగానంతే. ఇలాగే ఒక పెద్ద స్టేక్ ముక్కని శాకాహారం చేస్తానంటే నేనే నవ్వుతాను. అక్కడ మాంసమే వంట. ఇక్కడ మాంసం సాసుకి ఆసరా.

ఆసరాయే అయినా, అది చేసే పనులు కొన్నున్నాయి. ఆ పనులు ఎవరో ఒకరు చేయాలి. మాంసంలా కనిపించేదాన్ని వెతకడం మానేసి, మాంసం అక్కడ చేస్తున్న పనేమిటో వెతకడం మొదలుపెట్టాక గానీ నా వంట దారికి రాలేదు.

మొదటి పని పంటికి తగలడం. మైసూరు పప్పు ఇక్కడే ఓడిపోయింది. పొట్టు తీసి బద్ద చేశాక అది కరగడానికే పుట్టింది. పొట్టుతో ఉన్న నిండు మసూర్ గింజలు కావాలి. అమెరికన్ దుకాణాల్లో బ్రౌన్ లెంటిల్స్ అని అమ్మేవి వాటికి అన్నదమ్ముల వరసే, అవీ పనికొస్తాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో పలూస్ అనే కొండనేలల్లో పండుతాయి. అక్కడి పుల్‌మన్ ఊళ్ళో ఏటా వీటికో పండగ కూడా చేస్తారు. పప్పుకి జాతర చేసే అమెరికన్లున్నారంటే అమ్మ నమ్మలేదు. దయచేసి కుక్కర్ పెట్టకండి. రెండో కూతకే కథ ముగుస్తుంది. కప్పు గింజల్ని విడి గిన్నెలో, ఎక్కువ నీళ్ళలో, ఉప్పు వేసి 20 నుంచి 25 నిమిషాలు ఉడికించి, గోరుతో నొక్కితే నలిగి, వేళ్ళ మధ్య జారిపోకుండా ఉన్నప్పుడు వార్చేయాలి. ఆ వార్చిన నీళ్ళు దాచుకోండి.

రెండో పని కొవ్వు. ఇక్కడ ఖీమా ప్యాకెట్ మీద 80-20 అని రాసి ఉంటుంది, అంటే నూటికి ఇరవై పాళ్ళు కొవ్వు. ఉడికిన పప్పు కప్పుడు తీసుకుంటే ప్రోటీన్ 18 గ్రాములుంటుంది గానీ కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు. పప్పు శాండ్‌విచ్‌లు తిని “ఆరోగ్యంగా ఉంది” అని మర్యాదగా అంటారే, అది ఈ లోటే. ఆరోగ్యంగా ఉంది అంటే బాగాలేదని. ఒక అరకప్పు వాల్‌నట్లు వేయించి, కచ్చాపచ్చాగా దంచి వేస్తాను. అది పంటికీ తగుల్తుంది, నూనే ఇస్తుంది. చివర్లో ఒక ముద్ద వెన్న, సిగ్గుపడకుండా.

మూడోది వేపుడు కమ్మదనం. షడ్రుచుల్లో దీనికి పేరు లేదు. జపాన్‌వాళ్ళు 1908లో దానికి ఉమామి అని పేరు పెట్టారు. నేను పుట్టగొడుగుల్ని శనగగింజంత ముక్కలుగా తరిగి, ముందు నూనె లేకుండా వట్టి మూకుట్లో వేస్తాను. నీళ్ళూరి, ఆ నీళ్ళు ఇగిరి, మూకుడు అడుగున గోధుమరంగు చార పట్టేదాకా కదపను. అప్పుడు నూనె, ఉల్లిపాయ, కాప్సికం. ఆపైన రెండు చెంచాల టమాటా పేస్టు వేసి ఇటుకరంగు వచ్చేదాకా వేయిస్తాను, మనం నూనె పైకి తేలేదాకా అంటామే, అదే ఇది. చాలా అమెరికన్ వంటల్లో టమాటాని ఇంతసేపు వేయించరు. ఈ ఒక్క చోట మన అలవాటు వాళ్ళ వంటకి మేలు చేస్తుంది. మా అమ్మ పుట్టగొడుగులు తినదు. ఆవిడ కోసం విడిగా చేసినప్పుడు వంకాయని చిన్నగా తరిగి ఇదే పద్ధతిలో వేపుతాను. కాస్త తగ్గుతుంది గానీ మరీ తక్కువేం కాదు.

ఇక అసలు చిక్కు వూస్టర్ సాస్. ఈ నల్లటి సీసా ఎన్నో శాకాహారుల ఇళ్ళలో తెలియక తిరుగుతుంటుంది. 1837 నుంచి లీ అండ్ పెరిన్స్ అమ్ముతున్న ఆ సాసులో ఆంకోవీ అనే చిన్న చేపలుంటాయి. నేనూ ఒక సీసా సగం వాడాకే వెనక్కి తిప్పి చదివాను. అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, ఈ వ్యాసం ఆవిడ చదవదనే ధైర్యం. కానీ ఆ రోజు లేబుల్ మీద చేపల పక్కనే ఉన్న ఇంకో మాట చూసి కుర్చీలో కూలబడి నవ్వాను. చింతపండు! నూట ఎనభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక ఊరి మందుల షాపువాళ్ళిద్దరు కలిపిన సాసులో, దాంతో అయోవా స్కూలు పిల్లల శాండ్‌విచ్‌లో కూడా, చింతపండు ఉంది. లవంగం ఉంది. వెల్లుల్లి ఉంది. నేను గరం మసాలాతో బలవంతాన తోసుకుని వెళ్ళబోయిన ఇంట్లో, మనవాళ్ళు ముందే వచ్చి వెనక వరండాలో కూర్చుని ఉన్నారు.

అప్పట్నుంచి ఆ సీసా కొనడం మానేశాను. చెంచాడు చింతపండు గుజ్జు, చెంచాడు సోయా సాస్, గోళీకాయంత బెల్లం, చెంచాడు వినిగర్, చిటికెడు లవంగం పొడి. చేప లేదు, దాని ఉప్పదనం పని సోయా సాస్ చూసుకుంటుంది. దీన్ని అరకప్పు కెచప్, చెంచా ఆవపిండి ముద్దతో కలిపి మూకుట్లో పోసి, పప్పు, వాల్‌నట్లు వేసి, దాచుకున్న పప్పు నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ పావుగంట. జీలకర్ర లేదు, ధనియాలపొడి లేదు, కొత్తిమీర అసలే లేదు. చెయ్యి మసాలా డబ్బా వైపు పోతూనే ఉంటుంది. ఆపుకోవాలి. బన్ను కొనేటప్పుడు గుడ్డు ఉందేమో చూసుకోండి, బ్రియోష్ రకాల్లో మామూలుగా ఉంటుంది. చవకగా దొరికే మామూలు తెల్ల బన్నే దీనికి సరైన జోడు. గింజలూ విత్తనాలూ అతికించిన ముదురు రొట్టెలు ఈ వంటకి పెద్దమనిషి తరహా, నప్పవు.

పేరు మార్చి ఏ ‘లెంటిల్ జో’ అనో అనొచ్చుగా అని ఒక స్నేహితురాలు అడిగింది. 2018లో మిసోరి రాష్ట్రం మొక్కలతో చేసినదాన్ని మాంసమని పేరు పెట్టి అమ్మకూడదని చట్టమే తెచ్చింది. మాంసం అనే మాట దగ్గర ఆ పేచీ ఉండొచ్చు. స్లాపీ జో అనే పేరులో మాంసమెక్కడుంది? అదే న్యూజెర్సీ ఉత్తరాన మన తెలుగువాళ్ళు అంతమంది ఉంటారు కదా, అక్కడ డెలీలో, అంటే శాండ్‌విచ్‌లమ్మే కొట్లో, స్లాపీ జో అడిగి చూడండి. మూడు పొరల రొట్టె మధ్య చల్లటి మాంసం ముక్కలు, క్యాబేజీ కోల్‌స్లా, రష్యన్ డ్రెస్సింగ్ పెట్టి చక్కగా కోసి ఇస్తారు. కెచప్ లేదు, ఖీమా లేదు, కారడమూ లేదు. వాళ్ళు దాన్ని ఆ పేరుతో పిలిచి అరవై డెబ్భై ఏళ్ళ పైనే అయింది. గోబీ 65 తినేవాళ్ళం మనమా పేరు గురించి మాట్లాడేది?

ఈ పాకం నాలుగో శనివారానికి కుదిరింది. అమ్మాయి ఒక బన్ను తింది, మాట్లాడలేదు. రెండోది అడిగింది. మోచేతి దాకా కారింది, గౌను మీద పడింది, తుడుచుకోలేదు. తర్వాత వెళ్ళి ఫ్రిజ్ మీది కాగితంలో ప్రశ్నార్థకం పక్కన ‘ఇంట్లో’ అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది. నేను మహా గర్వంగా అమ్మ వైపు తిరిగాను, ఇన్ని వారాలుగా మసాలా పడకుండా కాపాడుకొచ్చిన నా వంట గురించి ఏమంటుందోనని.

అమ్మ బన్ను రెండు ముక్కలూ తీసి పక్కన పెట్టేసింది. మధ్యలోది ప్లేటులోకి గీసుకుని, వేడి వేడి అన్నం వడ్డించుకుని, నెయ్యి వేసి కలుపుతోంది.

“చింతపండు వేశావు కదూ, బాగుందే. కాస్త ఇంగువ తగిలిస్తే...”

“అమ్మమ్మా!” అని అరిచింది మా అమ్మాయి. “అది స్లాపీ జో!”